వెయ్యి మీటర్ల దిగువన మర్యాద

ఆడ్రియాటిక్ సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎగువన ఆస్ట్రియా దేశంలో ఏ మనిషీ ‘మీరు’ కాడు, అందరూ ‘నువ్వు’లే. ఈ నియమం ఏ చట్టంలోనూ రాసి లేదు. రాసి లేదు కనుకనే దీన్ని ఎవరూ ఉల్లంఘించరు. వియన్నాలో ‘తమరు ముందు దయచేయండి డాక్టరు గారూ’ అంటూ తలుపు పట్టుకుని నిలబడే పెద్దమనిషి, కొండ మీద ఆ గీత దాటగానే అదే డాక్టరు వీపు చరిచి ‘ఏమోయ్, ఆ ఆవాల ముద్ద ఇలా అందుకో’ అంటాడు. కిందికి దిగాక ఇద్దరూ జరిగినదాన్ని మరిచిపోతారు.

సముద్రమే లేని దేశం సముద్రమట్టం నుంచి ఎలా కొలుచుకుంటుందని కొందరు అడుగుతారు. ఒకప్పుడు ఉండేది. ఒక యుద్ధంలో సముద్రమూ చక్రవర్తీ ఒకేసారి చేజారిపోయారు. సముద్రం పోయినా మట్టాన్ని వదులుకోలేదు. చక్రవర్తి పోయినా ఆస్థాన సలహాదారులను వదులుకోలేదు. ఆ సలహాదారునే అక్కడ హోఫ్రాట్ అంటారు. ఆస్థానం లేదు కనుక సలహా అక్కరలేదు. సలహా లేదు కనుక అది బెడిసికొట్టే ప్రమాదమూ లేదు. ఇంతటి నిరపాయకరమైన బిరుదును గణతంత్ర ప్రభుత్వం యోగ్యులైన ఉద్యోగులకు ఏటేటా ప్రసాదిస్తూనే ఉంది.

గత నవంబరులో ఆ యోగ్యత డాక్టర్ ఓట్‌మార్ ప్రిక్లర్‌ను వరించింది. ఆయన ఒక మంత్రిత్వశాఖలో, ప్రభుత్వ భవనాల గుమ్మాల ముందు పరిచే కాళ్లపట్టాల మందాన్ని నిర్ణయించే ఉపవిభాగానికి అధిపతి. యౌవనమంతా ఆ మందానికి అర్పించిన మనిషి. బిరుదు వచ్చిన మర్నాటి నుంచి మాంసం కొట్టువాడు కొవ్వు లేని ముక్క ఏరి ఇవ్వసాగాడు. మెట్ల మీద ఎదురైన పొరుగింటావిడ కుక్కను పక్కకు లాగి దారి ఇచ్చింది. భార్య రోస్విత మాత్రం ఎప్పటిలాగే ‘నువ్వు’ అంటూ వచ్చింది. ఇంట్లో కూడా ‘మీరు’ అంటే సందర్భోచితంగా ఉంటుందేమోనని ఆయన ఒకసారి సౌమ్యంగా సూచించాడు. ఆమె సూపు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టి, “తిను” అంది.

ఇంతటి మహనీయుడికి ఒక రహస్యం ఉంది. ఆయన జన్మలో ఎన్నడూ మంచు మీద జారే పలకలను, అంటే స్కీలను, కాళ్లకు తొడగలేదు. ఆ దేశంలో ఇది మన దగ్గర ఈత రాని జాలరి అని చెప్పుకోవడం వంటిది. ఆయన పుట్టింది తూర్పున, ద్రాక్షతోటల మైదానంలో. అక్కడ ఉన్నతమైనదంటూ ఏదైనా ఉంటే అది పొగగూటి మీద కొంగ కట్టిన గూడు. ఏటా ఫిబ్రవరి సెలవుల్లో వియన్నా నగరం యావత్తూ కొండలకు తరలిపోతుంటే, ప్రిక్లర్ దంపతులు ఆ మైదానంలోని వదినగారింటికి వెళ్లి బంగాళాదుంపలు తినేవారు. తిరిగివచ్చే ముందు ఆయన ఒక సౌందర్యశాలలో కరెంటు దీపం కింద పడుకుని, కళ్లకు మాత్రం అద్దాలు పెట్టుకుని, ముఖం కమిలించుకునేవాడు. సోమవారం ఉదయం కొద్దిగా కుంటుతూ కార్యాలయంలో అడుగుపెట్టి, అడిగినవారికీ అడగనివారికీ ‘ఈసారి మంచు కాస్త గట్టిగా ఉంది’ అని సెలవిచ్చేవాడు.

అబద్ధం ఏళ్ల తరబడి క్షేమంగా పెరిగి పెద్దదయ్యాక, దానికి ఉద్యోగం చూపించడానికి కొత్త విభాగాధిపతి వచ్చింది. శ్రీమతి హ్లావాచెక్ ఉత్సాహవంతురాలు. మార్చిలో శాఖ తరఫున స్కీ పందెం జరుగుతుందని ఆమె నిండు సభలో ప్రకటించింది. “మనలో ఇన్నేళ్ల అనుభవం ఉన్నది హోఫ్రాట్ ప్రిక్లర్ గారికే. ముందు ఆయన జారితే, ఆ జాడ పట్టుకుని వెనక మనమంతా జారుదాం” అంది. సభ చప్పట్లు కొట్టింది. ప్రిక్లర్ తల వంచి అభివాదం చేశాడు. వంచిన తలను ఎత్తడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

కనుక పందెంలోగా స్కీయింగ్ నేర్చుకోక తప్పదు. అయితే ఎక్కడ? ఆ సాయంత్రమే వంటింట్లో ఒక ఎంపిక సంఘం ఏర్పాటయింది. ప్రిక్లర్ అధ్యక్షుడు, రోస్విత ఓటు హక్కు లేని సభ్యురాలు. మంచు ఎక్కడ బాగుంటుంది, నేర్పేవాళ్లు ఎక్కడ మంచివాళ్లు వంటి చిల్లర ప్రశ్నలను అధ్యక్షుడు మొదట్లోనే కొట్టివేశాడు. పరిశీలనాంశం ఒక్కటే: మూడు నెలల వయసున్న బిరుదును వెయ్యి మీటర్లు దాటించకుండా, పడడం ఎక్కడ నేర్చుకోవచ్చు?

హిమానీనదం మీది విడిది తిరస్కరింపబడింది. మూడు వేల మీటర్ల ఎత్తున మనిషి ముమ్మారు ‘నువ్వు’ కాగలడు. స్విట్జర్లాండ్ తిరస్కరింపబడింది, అక్కడివారికి హోఫ్రాట్ అంటే ఒక రకం జున్నని తోచవచ్చు. ఇటలీలో కాఫీ తాగిన ప్రతివాణ్నీ డాక్టరు గారూ అంటారు కనుక ఆ గౌరవానికి విలువ లేదు. ఫ్రాన్సు విషయంలో సంఘం చర్చించడానికి కూడా ఇష్టపడలేదు.

ఆ దశలో ట్రాము స్టాపులో ఒక పోస్టరు కనిపించింది. ఉల్లిపాయ ఆకారపు గోపురం ఉన్న చర్చి, మంచు కప్పిన వాలు, దాని కింద బంగారు అక్షరాలు: ఉంటర్‌క్లామ్ – 998. ప్రిక్లర్ ట్రాము వదిలేసి మరీ దాని ముందు నిలబడిపోయాడు. ఊరి పేరులోనే ‘ఉంటర్’, అంటే దిగువ, ఉంది. ఎత్తు తొమ్మిది వందల తొంభై ఎనిమిది. గౌరవం నిలబడడానికి రెండు మీటర్ల వెసులుబాటు.

“అంత కింద ఈ రోజుల్లో మంచెక్కడ పడుతోంది? గడ్డి మీద జారతావా?” అంది రోస్విత.

మంచు దేవుడి చేతిలోని విషయమనీ, బిరుదు రాష్ట్రపతి సంతకంతో వచ్చినదనీ, రెంటినీ ఒకే తక్కెడలో వేయడం సమంజసం కాదనీ అధ్యక్షుడు వివరించాడు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఓటున్నది ఒక్కరికే కదా.

ఉంటర్‌క్లామ్‌లో మంచు పుష్కలంగా ఉంది. బస్సు మలుపులు తిరుగుతూ చాలాసేపు ఎక్కింది. చెవులు రెండుసార్లు దిబ్బడ వేశాయి. అంత దిగువ ప్రాంతానికి ఇది విశేషమని ప్రిక్లర్ సంతోషించాడు. హోటలు యజమానురాలు శ్రీమతి ఓబర్‌లెక్నర్ గుమ్మంలోనే “దయచేయండి హోఫ్రాట్ గారూ” అంది. తన ఎంపిక సరైనదని ఆయనకు రూఢి అయింది.

రాత్రి భోజనశాల నిండుగా ఉంది. యజమానురాలు తలుపు దగ్గర నిలబడి, “హోఫ్రాట్ గారూ, సూపు సిద్ధంగా ఉందండీ” అని పిలిచింది. గదిలోని మగవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

ఒకరినొకరు చూసుకున్నారు. రెవెన్యూ హోఫ్రాట్లు, అడవుల హోఫ్రాట్లు, ఒక తూనికల హోఫ్రాట్, పదవీ విరమణ చేసిన న్యాయశాఖ హోఫ్రాట్ ట్రాట్‌నిగ్. అందరి ముఖాలూ కమిలి ఉన్నాయి, అందరి కళ్ల చుట్టూ తెల్లటి వలయాలు ఉన్నాయి, అందరూ అప్పుడే వచ్చారు. మోకాలి నొప్పి కారణంగా ఈ ఏడు కేవలం పిల్లల వాలుతో సరిపెట్టుకుంటున్నానని ఒకాయన ప్రకటించాడు. మిగిలినవారి మోకాళ్లు కూడా సరిగ్గా అదే స్థితిలో ఉన్నట్టు తేలింది. ఇక్కడ నవ్వుతున్న పాఠకులు ఒకసారి వీధిలోకి వెళ్లి, తమ గేటు పక్కన గోడకు బిగించిన రాతిపలక మీద పేరుకు ముందేమున్నదో వెనకేమున్నదో చదువుకుని వచ్చి, తరువాయి చదవవలసిందిగా మనవి.

వాలు మీద నేర్పే అమ్మాయి పేరు వ్రోని. ఆ ఊరి పిల్లే. నడక రాకముందే జారడం వచ్చినది. మర్యాదకు ఏ లోటూ రానివ్వరాదని యజమానురాలు ఆమెకు గట్టిగా చెప్పి పంపింది. చిక్కంతా అక్కడే వచ్చింది. జారుతున్న మనిషికి చెప్పవలసిన మాట ‘వంగు’. వ్రోని చెప్పవలసి వచ్చినది: “హోఫ్రాట్ డాక్టర్ ప్రిక్లర్ గారూ, తమరు దయచేసి తమ ఎడమ మోకాలిని...” క్రియాపదం వచ్చే వేళకు ప్రిక్లర్ కంచెలో ఉండేవాడు. తూనికల హోఫ్రాట్‌కు రెండు డాక్టరేట్లు ఉండడం చేత ఆయన కంచె దాటి అవతల పడేవాడు.

“పైన ఇంకో వాలుందండీ, మెత్తటి మంచు. అక్కడైతే ఒక్క ముక్కలో చెప్పేస్తాను. రెండు రోజుల్లో వచ్చేస్తుంది మీకు” అని వ్రోని ఆశపెట్టింది. హోఫ్రాట్లు ఆ ప్రతిపాదనను మర్యాదపూర్వకంగా తోసిపుచ్చారు. రోస్విత మాత్రం స్కీలు భుజాన వేసుకుని, పై వాలుకు చేర్చే తీగల లిఫ్టు ఎక్కింది. సాయంత్రం ఎర్రబడిన బుగ్గలతో దిగివచ్చి, “పైన నన్నెవరూ హోఫ్రాట్ గారి భార్యా అనలేదు. ‘రోస్వితా, కాస్త జరుగు తల్లీ’ అన్నారు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో” అంది. ప్రిక్లర్ ఆమెను సానుభూతితో చూశాడు.

మర్నాడు అనర్థం జరిగింది. రాత్రి గడ్డకట్టిన వాలు మీద ప్రిక్లర్ కంచెను తప్పించుకున్నాడు. కంచె అవతల పశువుల కొట్టం, కొట్టం వెనక పొగలు కక్కుతున్న పేడకుప్ప. ఆయన నేరుగా దాని వైపు, నిటారుగా, ఒక కార్యాలయాన్ని తనిఖీ చేయబోతున్నవాడిలా సాగిపోయాడు. వ్రోని “హోఫ్రాట్ డాక్టర్...” అని మొదలుపెట్టింది. దూరాన్ని చూసింది. వాక్యాన్ని చూసింది.

“ఒరేయ్ ఓట్‌మార్, కూలబడరా.”

ఆయన కూలబడ్డాడు. పేడకుప్పకు జానెడు ఇవతల ఆగాడు. ఆ వాలు మీద ఏ హోఫ్రాట్‌కైనా సకాలంలో అందిన మొదటి సలహా అది. మంచులో చతికిలబడి ఉండగా ఆయనలో ముందుగా కలిగినది కోపం కాదు. ఎవరో చేయి పట్టుకుని వీధి దాటించినట్టు, చెప్పుకోరాని ఒక సుఖం. తలెత్తి చూస్తే హోఫ్రాట్లందరూ తనవైపే చూస్తున్నారు. వెంటనే కోపం తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనశాలలో ట్రాట్‌నిగ్ అధ్యక్షతన విచారణ జరిగింది. వెయ్యి మీటర్ల దిగువన ఒక హోఫ్రాట్‌ను ‘రా’ అనడమంటే బిరుదు చెల్లదని చాటడమే. ఆ అపకీర్తి వియన్నా చేరితే తన గతి ఏమిటని ప్రిక్లర్‌కు గుబులు పట్టుకుంది. ఏమైనా చెప్పుకునేది ఉందా అని వ్రోనిని అడిగారు.

“పేడలో పడితే ‘గారు’ కూడా పడేవారు కదండీ” అంది ఆమె.

ప్రిక్లర్ లేచాడు. కాళ్లపట్టాల మందంతో గడిపిన జీవితం ఆ క్షణాన అక్కరకు వచ్చింది. నేల ఎత్తు తొమ్మిది వందల తొంభై ఎనిమిది. దాని మీద మంచు దాదాపు మీటరు. ఆ మంచు మీద నిలబడ్డ వ్రోని నోరు మరో మీటరున్నర పైన. కనుక ఆ మాట వెలువడిన స్థానం వెయ్యి మీటర్ల ఎగువనే ఉన్నదనీ, అందుచేత అది అవమానం కాక ఆచారమే అవుతుందనీ ఆయన వాదించాడు. సభ నివ్వెరపోయింది. మాట వెలువడింది పైనే గాని, కింద కూలబడి ఉన్న ప్రిక్లర్ చెవికి అందింది వెయ్యి లోపలనే కదా అని తూనికల హోఫ్రాట్ అడ్డుతగిలాడు. ఉత్తర్వు అమల్లోకి వచ్చేది జారీ అయిన చోటనా, అందిన చోటనా? తీపి వంటకం చల్లారిపోయింది. చివరకు, జారీ అయిన చోటనే అని ట్రాట్‌నిగ్ తీర్పు చెప్పాడు. ఆ గదిలో అందరూ జీవితమంతా ఉత్తర్వులు జారీ చేసినవారే గాని అందాయో లేదో చూసినవారు లేరు.

ప్రిక్లర్ పరువు దక్కింది. అయితే ఆ తీర్పు ప్రకారం వాలు మీద నిలబడి నోరు తెరిచే ప్రతి మనిషీ వెయ్యి దాటినట్టే. రేపటి నుంచి అందరూ ‘నువ్వు’లే. వ్రోని మోకాళ్ల మీద కూచుని నేర్పాలని ఒకరు ప్రతిపాదించారు. “నేను కూచోనండీ. మీరే కాసేపు పడకుండా నిలబడండి చాలు” అని ఆమె వెళ్లిపోయింది. మిగిలిన మార్గం ఒకటే. మంచును తగ్గించాలి.

మర్నాటి నుంచి హోఫ్రాట్లు పారలు పట్టారు. రాజ్యాంగం పట్ల విధేయతతో, వయోభేదం పాటించకుండా, వాలు మీది మంచును తవ్వి వాగులో పోశారు. సెలవులు ముగిసేనాటికి పచ్చిక బయటపడింది. స్కీ బూట్లు తొడుక్కుని ఆ పచ్చిక మీద నిలబడి, వారు ఒకరినొకరు పూర్తి బిరుదులతో సంబోధించుకున్నారు. ఆ దృశ్యాన్ని ఆవులు చాలాసేపు చూశాయి.

ఆ తవ్వకంలో ప్రిక్లర్ నడుము పట్టేసింది. ఇన్నేళ్లలో తొలిసారిగా ఆయన కార్యాలయానికి నిజంగా కుంటుతూ వచ్చాడు. పందెంలో జారనవసరం లేకపోయింది. గమ్యం దగ్గర కంబళి కప్పిన కుర్చీలో కూర్చోబెట్టి, మైకులో బిరుదుతో సహా పేరు చదివి, జెండా ఊపించారు. శ్రీమతి హ్లావాచెక్ గెలిచింది. మొదటిసారి కొండలకు వెళ్లే అధికారులకు ఉంటర్‌క్లామ్‌ను సిఫారసు చేస్తూ, అందులో ‘అనుకూలమైన ఎత్తు’ అన్న మాట కింద గీత గీస్తూ, ఆయన అన్ని శాఖలకూ ఒక సర్క్యులర్ పంపాడు. వచ్చే ఫిబ్రవరికి అక్కడ గదులు లేవు.

ఆ ఎత్తు సంగతి రోస్వితకు ముందే తెలుసు. తిరుగు ప్రయాణంనాడు, ఇద్దరు హోఫ్రాట్లు తన భర్తను బస్సులోకి ఎక్కిస్తుండగా, ఆమె చర్చి గుమ్మం మీద చెక్కిన రాతను చదివింది. 998, ఉంటర్‌క్లామ్ పేరు ఒక దానశాసనంలో తొలిసారి కనిపించిన సంవత్సరం. ఇది ఎవరికీ చెప్పలేదేమని యజమానురాలిని అడిగితే, ఆమె సామాను అందిస్తూ, “ఎవరూ అడగలేదమ్మా. పాపం, ఆ ఒక్క మాట కోసం అంత దూరం నుంచి వస్తారు. అంటే మా నోరేం అరుగుతుంది?” అంది.

ఊరి ఎత్తు బస్టాపులో, చెత్తడబ్బా పైన, చిన్న రేకు మీద రాసి ఉంది: 1,214 మీటర్లు.