ఐదు తర్వాత ఎనిమిది

ఆ ఉదయం వయొలిన్ మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. వయొలిన్‌కు కొత్త తీగలు బిగించుకోవాలి. కూతురు పంపిన రికార్డు విని, సాయంత్రం ఆరింటికి రేడియోలో రాబోయే ఆమె మొదటి కార్యక్రమానికి నాలుగు మంచి మాటలు చెప్పాలి. రికార్డు వింటూ రెండు తీగలు బిగించేసరికే కోపంతో ఆయన ముక్కు ఎర్రబడింది.

కూతురు సంగీత దర్శకురాలు. తండ్రి గురువుగారు కట్టిన ‘పడవ గీతా’న్ని కొత్త వాయిద్యాలతో మళ్లీ కూర్చింది. డ్రమ్ములను మాస్టారు పళ్ల బిగువున భరించారు. కీబోర్డును కన్నబిడ్డ కదా అని క్షమించారు. కానీ నడుమ అన్నీ ఆగిపోయి, ఒక్క వయొలిన్ మీద రెండు నిమిషాల నెమ్మదైన ముక్క వచ్చేసరికి ఒంటికాలి మీద లేచారు. అది గురువుగారు రాసింది కానే కాదు. ఆయన శిష్యుల్లో ఇప్పుడు మిగిలింది తనొక్కడే. ముప్పై ఏళ్లుగా ఆ గీతం నేర్పుతున్నదీ తనొక్కడే. తనకు తెలియని ముక్క అందులో ఎక్కణ్ణించి వస్తుంది?

వెంటనే ఫోన్ చేశారు.

“నడుమ ఆ అతుకు ఎక్కడిదే?”

“అతుకేంటి నాన్నా? అంతా నీ పుస్తకంలోదేగా. ఉండు, స్టూడియోలో పిలుస్తున్నారు.”

ఆ పుస్తకం గురువుగారు పోయేముందు, వాయించి నేర్పే ఓపిక లేక, స్వహస్తాలతో రాసిచ్చింది. కుట్లు ఊడిపోతే బైండింగ్ చేయిస్తానని కిందటి నెల కూతురే పట్టుకెళ్లింది. అతుకు వేసింది చాలక, నెపం గురువుగారి మీదికి నెడుతుందా! మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

“ఏవండీ, పిల్లకిది మొదటి ప్రసారం. నచ్చకపోతే రేపు తిట్టుకోండి,” అంది భార్య.

“రేపటికి అందరూ అదే అసలు పాటనుకుంటారు,” అంటూ ఆయన కాగితం ముందేసుకున్నారు.

మూల రచనను పాడుచేసినవారి మీద, అంటే పేరు పెట్టి కూతురి మీదే, చర్య తీసుకోవాలని రేడియో కేంద్రానికి ఉత్తరం తయారైంది. ఒక్క సంతకం బోసిగా కనిపించింది. దాంతో తన దగ్గర నేర్చుకున్న పాత శిష్యుల మీద పడ్డారు. పళ్ల డాక్టరైన శిష్యుడు పేషెంటు నోరు తెరిపించి అలాగే ఉంచి, వచ్చి సంతకం పెట్టాడు. వయొలిన్ మానేసి తివాచీలు అమ్ముకుంటున్న ఇంకొకాయన పాటంతా దుకాణంలోనే కూనిరాగం తీసి చూసుకుని, “అలాంటి ముక్క లేనే లేదు మాస్టారూ,” అని ఒట్టేశాడు. మధ్యాహ్నానికి సంతకాలు పద్నాలుగయ్యాయి, ఉత్తరం రేడియో కేంద్రానికి చేరింది. ఎవరో ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. మూడింటికల్లా పడవ గీతం పేరైనా వినని వాళ్లు కూడా రేడియో కేంద్రానికి ఫోన్ చేసి కేకలేయసాగారు. కేంద్రం డైరెక్టరు హడలిపోయి కార్యక్రమం ఆపేసి, తండ్రీకూతుళ్లిద్దరినీ తన గదికి పిలిపించాడు.

కూతురు ఏడవలేదు. అదే మాస్టారిని కొంచెం భయపెట్టింది.

“నా మీద సంతకాలు పోగుచేశావా నాన్నా?”

“నీ మీద కాదు. ఆ ముక్క మీద.”

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద తెరిచింది. ఐదో పేజీ తర్వాత ఆరు, ఆరు పక్కన ఏడు. రెండింటి అంచులకూ పసుపుపచ్చని జిగురు మరకలు.

“ఈ రెండూ అతుక్కుపోయి ఉన్నాయట. బైండింగాయన ఆవిరి పట్టించి విడదీశాడు. నేర్చుకునేవాళ్లకి కష్టమని నువ్వే వదిలేసేవాడివనుకున్నాను.”

ఆ జిగురు మాస్టారికి బాగా తెలుసు. ముప్పై ఏళ్ల కిందట గురువుగారు చనిపోయిన వారంలో, చిరిగిన అంచుకు కన్నీళ్లతో తనే పూసిన జిగురు. అప్పటినుంచి ఐదు తర్వాత ఎనిమిదే వాయిస్తున్నారు. కళ్లెప్పుడూ స్వరాల మీదే ఉండేవి, పేజీ అంకెల మీదికి ఒక్కసారీ పోలేదు. ఏడో పేజీ అంచున గురువుగారి చేతిరాత ఉంది: “నీకు తొందరెక్కువ. ఇక్కడ నెమ్మదిగా వాయించు.”

మాస్టారు ఆ రెండు వాక్యాలనూ చాలాసేపు చదివారు.

“కార్యక్రమం వేసెయ్. ఒక్క స్వరం కూడా తియ్యకు,” అన్నారు కూతురితో. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

డైరెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. “అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా మాస్టారూ?”

“ఎందుకు తీసుకుంటాను? అందులో ప్రతి మాటా నిజమే,” అంటూ ఆయన బల్ల మీదున్న ఉత్తరం ముందుకు లాక్కుని కలం అందుకున్నారు. కూతురి పేరు కొట్టేసి తన పేరు రాశారు. కింద పద్నాలుగు సంతకాలు అలాగే ఉన్నాయి, మొదటిది ఆయనదే.