ఏటి అవతల చేపల వేట

ఎల్బియో అబద్ధం ఆడటానికి పనికిరాడు. ఆ సంగతి మోంటెవిడియోలో అతని భార్య మిర్తాకి తెలుసు, వీధి కుక్కలకీ తెలుసు. తెలియనిది అతనొక్కడికే.

"ఆదివారం నేనూ వాషింగ్టనూ చేపలకి పోతున్నాం. మూడు రోజులదాకా రాం," అన్నాడు, మాతే తేనీటి ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని. వాషింగ్టన్ అంటే ఊరు కాదు, అతని ప్రాణస్నేహితుడు.

"ఏ చేపలు?"

"నీళ్ళలో ఉండేవి."

"వానపాముని చూస్తే వణికిపోతావుగా. ఎర ఎవరు గుచ్చుతారు?"

"వాషింగ్టన్."

"ఆయన వంగి తన బూట్ల తాళ్ళే కట్టుకోలేడు," అంది మిర్తా. ఆపైన ఇంకేమీ అడగలేదు; ఆ మూడు రోజులూ ఇల్లు కడుక్కుంటానంది. తెలివైన మొగుడైతే అక్కడే భయపడేవాడు. ఎల్బియో సంబరపడ్డాడు.

అసలు సంగతేమిటంటే, వాళ్ళు పోయేది ఏటికి అవతల ఒడ్డున, అర్జెంటీనాలో ఉన్న బ్యూనస్ ఐరెస్‌కి. పెళ్ళిళ్ళు కాకముందు ఒక వసంతంలో ఇద్దరూ ఆ ఊరెళ్ళి, కాల్చిన మాంసం గొంతుదాకా తిని, అరిగేదాకా తిరిగారు. కాళ్ళు బాగుండగానే ఇంకొక్కసారి అలా తిరగాలని కోరిక. ఆ మాటే ఇంట్లో చెప్పొచ్చు కదా అంటే, చెప్పలేడు. ఆ ఊళ్ళోనే మిర్తా తల్లి దోన్యా ఒఫీలియా ఉంది. ఆవిడ గడప తొక్కనని ఎల్బియో ఒట్టు పెట్టుకున్నాడు.

ఒకనాడు ఆవిడ పాలూ చక్కెరా గంటల తరబడి మరిగించి దుల్సె దె లెచె చేసి పెడితే, ఈ అల్లుడు చెంచా నాకి, "మా ఊళ్ళో దీంతో కిటికీ అద్దాలు అతికిస్తాం" అన్నాడు. హాస్యమనుకున్నాడు. ఆవిడ గరిటె అందుకుంది. ఆనాటితో రాకపోకలు ఆగిపోయాయి. అత్తగారి ఊసు ఇంట్లో ఎత్తకూడదని అతను శాసనం చేశాడు. మిర్తా అప్పుడప్పుడూ ఒక్కతే వెళ్ళి, కళ్ళు వాచి తిరిగొచ్చేది. ఎందుకెళ్ళావని గానీ, ఆవిడెలా ఉందని గానీ అతను అడిగిన పాపాన పోలేదు. ఆ అడక్కపోవడమే ఇప్పుడు కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ భుజాన గాలాలతో పడవ దిగారు. అక్టోబరంటే అక్కడ వసంతం; వీధుల్లో చెట్లు గులాబీ రంగులో విరగబూసి ఉన్నాయి.

"ఒరే, ముందు మాంసం, తర్వాతే మిగతా లోకం," అన్నాడు ఎల్బియో.

మొదటి హోటల్లో వడ్డించేవాడు గాలాలకేసి చూసి, "బల్ల ముందే చెప్పుకున్నారా?" అన్నాడు.

"లేదు."

"మరి అమ్మ ఏది?"

"ఎవరి అమ్మయ్యా?"

"మీ అమ్మేనండీ. ఇవాళ అమ్మల పండగ. ఊరంతా అమ్మల్ని తీసుకుని భోజనాలకొచ్చింది. మాకు కుర్చీ కాదు కదా, పీట కూడా లేదు."

ఎల్బియో ఎరిగినంతలో అమ్మల పండగ మే నెలలోనే అయిపోయింది. ఏరు దాటితే అది అక్టోబరులో వస్తుందని, అర్జెంటీనా పిల్లతో ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా తెలుసుకోలేదు.

రెండో హోటల్లోనూ అదే మాట. మూడో దాంట్లో ఎల్బియో తెగించి, మూల బల్ల దగ్గరున్న ముసలావిణ్ణి చూపించి "అదిగో మా అమ్మ" అన్నాడు. ఆవిడ అసలు కొడుకులు ఐదుగురూ లేచి నిలబడ్డారు. ఎల్బియో వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. గాలం ముల్లు ఆవిడ జుట్టుకి తగులుకుంది, విగ్గు ఊడి వీధిలోకి వచ్చింది. ఆ రోజు వేటలో పడింది అదొక్కటే.

విగ్గు తిరిగిచ్చి, తిట్లన్నీ తిని, నాలుగు సందులు దాటాక వాషింగ్టన్ ఒక చెట్టు కింద కూలబడ్డాడు.

"నాకు షుగర్ పడిపోతోందిరా ఎల్బియో. ఇక నేను దక్కను."

ఎల్బియో కొట్టుకి ఉరికి నాలుగు పిప్పరమెంట్లు తెచ్చాడు. వాషింగ్టన్ నాలుగూ నమిలి, "ఇవి చాలవు. వేడివేడి ఇంటి భోజనమే పెట్టాలన్నాడు డాక్టరు," అని మూలిగాడు.

"ఈ ఊళ్ళో మనకి ఇల్లెక్కడుందిరా?"

"నీకెవరూ తెలీదా?"

"తెలీదు."

"బాగా ఆలోచించు. నేను పోయాక ఆలోచిస్తే ఏం లాభం?"

ఎల్బియోకి ఏడుపొచ్చింది. అతని ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది, రోజూ పొద్దున్నే వచ్చి, ధైర్యం చెప్పకుండా, సలహాలివ్వకుండా, పక్కన కూర్చుని మాతే పోసిచ్చినవాడు వాషింగ్టన్. అలాంటివాణ్ణి ఒట్టు కోసం నడివీధిలో చంపుకుంటాడా? "లేవరా," అని చెయ్యిచ్చాడు. బోయెడో పేటలో అత్తగారి ఇల్లు కళ్ళు మూసుకున్నా తెలుసు. చచ్చేవాడు మాత్రం మెట్లన్నీ ఇతనికంటే ముందే ఎక్కేశాడు.

తలుపు తీసింది మిర్తా.

"చేపలు పడ్డాయా?" అంది.

ఎల్బియో గాలాన్ని వీపు వెనక దాచాడు. "నువ్వు... ఇల్లు కడుక్కుంటానన్నావుగా?"

"నువ్వు చవక పడవెక్కావు, నేను వేగంగా వచ్చేది ఎక్కాను."

వాషింగ్టన్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని గుడ్డ మెడకి కట్టుకుంటున్నాడు.

"నీ షుగరేమైందిరా, ద్రోహీ!"

"తిట్టుకోరా, పడతాను. మిర్తా మా ఇంటికొచ్చి ఏడ్చింది. చూడలేకపోయాను. ఈ ఆదివారమే వెళ్దామని నీతో అన్నదీ అందుకే."

కిటికీ పక్కన దోన్యా ఒఫీలియా కూర్చుని ఉంది. అతనికి గుర్తున్న మనిషిలో సగమే మిగిలింది. మోకాలికి కట్టు.

"మెట్ల మీద పడింది," అంది మిర్తా. "ఒక్కతే ఉండలేదు. మనింటికి రమ్మంటే, అల్లుడొచ్చి నోరారా పిలిస్తేనే అంటుంది. నీకు చెబుదామంటే, అమ్మ అనేలోపే రేడియో పెంచుతావు. నేనేం చెయ్యను?"

ఎల్బియోకి సిగ్గేసింది. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ అది రాలేదు.

"ఏం అల్లుడూ, ఎందుకొచ్చావు?" అంది ముసలావిడ.

ముగ్గురూ అతని మొహంకేసే చూస్తున్నారు. వంటింట్లోంచి మాంసం వాసన వస్తోంది.

"మిమ్మల్ని తీసుకెళ్దామనే అత్తయ్యా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పడవెక్కారు. రెండు పెట్టెలూ, కుట్టుమిషనూ, కొరికే చిలకా ఎల్బియో మోశాడు. వాషింగ్టన్ మోయలేదు, ఎందుకంటే వాడు రాలేదు. "ఇంకో రెండు రోజులుంటానురా, వసంతం కదా" అని ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాడు.

పడవ కదిలాక దోన్యా ఒఫీలియా శాలువా కప్పుకుని, "అల్లుడూ, మీ ఇంట్లో పొద్దుటెండ ఏ గదిలో పడుతుంది?" అంది.

"మా గదిలో, అత్తయ్యా."

"విన్నావుగా అమ్మా," అంది మిర్తా, "నీ గదిలోనే."