ప్యాచ్ మీద పడ్డ పేరు

ఆ ఉదయం గుడివాడ మీద మబ్బు కురవనూ లేదు, కదలనూ లేదు. పని చెబితే తల గీరుకునే బద్ధకస్తుడిలా నిలబడింది. దాని కింద, తన నెట్ సెంటర్ అరుగు మీద, డిటెక్టివ్‌నని చెప్పుకునే మల్లికార్జునరావు ప్రకటించాడు:

"జీవానందం, ఈ డెల్టాలో నేరగాళ్లకి నిద్ర పట్టదు. ఎందుకంటే నేను మేలుకునే ఉంటాను."

జీవానందం, కూతురు జెనిఫర్‌తో నందివాడ నుంచి వచ్చిన రైతు. వచ్చిన కష్టం పిల్లది. అందరూ ఉచితంగా వాడుకునే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పును ఆమె సరిదిద్దింది. ఆ సవరణని ప్యాచ్ అంటారు, మెయిల్లో పంపాలి. కొత్త మెయిల్ అడ్రసుల్ని ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు వారం ఆపి చూస్తారు. మల్లికార్జునరావు వాళ్లకి నెలకో ఫిర్యాదు రాసే పాతకాపు కనక, అతని చేత పంపించింది. ప్యాచ్ తీసుకున్నారు. రాసినవారి పేరు మాత్రం 'రహస్యనేత్రం' అని పడింది. సాయంత్రం సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదలైతే ఇక మారదు. జెనిఫర్‌కి ఉద్యోగమిస్తామన్న కంపెనీ చూసేది ఆ పేరే.

"రహస్యనేత్రం... అంతర్జాతీయ ముఠా," అన్నాడు మల్లికార్జునరావు. "తక్కువలో తక్కువ బందరు ముఠా."

"మీరు ఏ మెయిల్లోంచి పంపారు మావయ్యా?"

"నా దాంట్లోంచే. అనుమానించక్కర్లేనిది అదొక్కటే."

టీకొట్టు వెంకటరమణని గంటసేపు నిలదీశాడు. పాలల్లో నీళ్లు కలుపుతున్నట్టు తేలింది.

మధ్యాహ్నం జీవానందం భార్య ప్రేమమ్మ బస్సులో క్యారేజీ పంపింది. విషప్రయోగం జరగొచ్చని డిటెక్టివే బస్టాండు నుంచి మోసుకొచ్చాడు.

"నేరస్తుడు ఈ గదిలోనే ఉండొచ్చు," అంటూ చెయ్యి విసిరాడు. పైగిన్నె దొర్లి, చేపల పులుసు కీబోర్డు మీద పడింది. కండువాతో తుడుస్తుంటే ఏ మీటలు నొక్కుకున్నాయో, అతను పంపిన మెయిళ్లు తెరుచుకున్నాయి. పంపినవారు: రహస్యనేత్రం.

"డిటెక్టివ్‌కి మారుపేరుండాలని ఎప్పుడో పెట్టుకున్నా," అన్నాడు నెమ్మదిగా. "మర్చిపోయా."

"గదిలోనే ఉన్నాడన్నావుగా బావా," అన్నాడు జీవానందం. "పొద్దుట్నించీ అదొక్కటే కరెక్టు."

జెనిఫర్ దొర్లిన గిన్నె ఎత్తి తిప్పి చూసింది. అంచున చెక్కించిన పేరు: ప్రేమమ్మ. ఎవరు మోసుకెళ్లినా గిన్నె తిరిగి ఇంటికి చేరేది ఆ పేరుతోనే.

"తప్పు నాదే. పేరు చెక్కించకుండా గిన్నె పంపాను," అంది.

మెయిల్ లోపల మొట్టమొదటి వరుసలో తన పేరు రాసింది. అలా రాస్తే, ఎవరు పంపినా ఆ పేరే తీసుకుంటారు. మల్లికార్జునరావు జిగటమీటలు నొక్కి మళ్లీ పంపాడు. చీకటి పడకముందే జవాబొచ్చింది: పాతది తీసేశాం, జెనిఫర్ పేరుతో చేర్చాం.

అప్పుడు ముగ్గురూ చల్లారిన అన్నం ముందు కూర్చున్నారు. పులుసు ఊసు ఎవరూ ఎత్తలేదు. మజ్జిగ పోసుకుని తిన్నారు.