నడిచే గుర్రానికి తగిన లెన్సు

గుర్రం కొనదలచినవారు ముందుగా కెమెరా కొనండి. మంచి కెమెరా కుదిరితే గుర్రం లేకపోయినా జరిగిపోతుంది!

ఇది గాలివాటంగా అంటున్న మాట కాదు. మా సాన్ ఎపిఫానియోలోనే కాదు, ఈ కొండల వరసలో ఉన్న పదకొండు ఊళ్ళలోనూ గుర్రాల ఫొటోల విషయంలో నన్ను మించినవాడు లేడు. నమ్మకం లేకపోతే మా మునిసిపాలిటీ మెట్లెక్కి చూడండి. ఎదురుగోడ మీద నిలువెత్తు గుర్రం ఉంటుంది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు విసురుతూ, జూలు ఎగరేసుకుంటూ మీ మీదికే వస్తుంటుంది. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. నేను చదివింది మా ఊరి బడిలో మూడో తరగతి దాకానే. చదువుకూ షట్టరుకూ సంబంధం లేదనడానికి ఆ గోడే సాక్ష్యం.

కెమెరాలు రాకముందు మా బతుకు ఎంత హీనంగా ఉండేదో ఈ కాలం వాళ్ళకు తెలియదు. గుర్రం మంచిదో కాదో తేల్చాలంటే దాన్ని నడిపించాల్సి వచ్చేది! ఎంత అనాగరికం!

మా గుర్రాల నడక వేరు. కాళ్ళు కుట్టుమిషను సూదిలా ఆడుతుంటాయి, గుర్రం మాత్రం నత్తతో పోటీపడి ఓడిపోతుంది. పైన కూర్చున్నవాడి చేతిలో కాఫీ తొణకదు. ఆ నడకను కంటితో పట్టుకోలేమని మా తాతలు చర్చి ముందరి కూడలిలో పొడవాటి చెక్కబాట వేయించారు. కింద అంతా బోలు. జాతరనాడు గుర్రం దానిమీద నడుస్తుంటే న్యాయనిర్ణేత కళ్ళు మూసుకుని వినేవాడు. నాలుగు గిట్టల చప్పుడూ సమంగా పడాలి. ఒక్కటి ముందో వెనకో పడిందా, "ఇంటికి తోలుకుపో" అనేవాడు. అంతే తీర్పు.

ఆలోచించండి. ఇందులో అందానికి విలువేముంది? తెగిన చెవులూ కుంచించుకుపోయిన జూలూ గెలిచిపోయేవి. ఒకసారైతే సగం తోక ఉన్న ఆడగుర్రం మొదటి బహుమతి కొట్టుకుపోయింది.

ఆ సగం తోకది మా కొంపాద్రే ఒతోనియెల్ గుర్రం. కొంపాద్రే అంటే మరేం లేదు. నా పెద్దకూతురి జ్ఞానస్నానంనాడు బిడ్డను చేతుల్లో పట్టుకుని నిలబడ్డవాడు. ఆనాటి నుంచి మేమిద్దరం పేర్లు పెట్టి పిలుచుకోము, తిట్టుకునేటప్పుడు కూడా. గుర్రం పేరు గ్రానిసాదా. అంటే వడగళ్ళవాన. అది చెక్కమీద నడిచిన మొదటి ఏడు, మూడు వీధుల అవతల ఆడవాళ్ళు ఉలిక్కిపడి ఆరేసిన బట్టలు లోపలికి లాక్కున్నారు.

ఈ ఏడు మా జాతర కమిటీకి జ్ఞానోదయమైంది. మైకులో సెక్రటరీ విల్మార్ చదివాడు: చెక్క ఎక్కదలచిన ప్రతి గుర్రమూ ముందుగా తన ఫొటోను కమిటీ ఫోనుకు పంపాలి. ఫొటో నచ్చితేనే ప్రవేశం. ఎంత సౌకర్యం! కమిటీవాళ్ళు కుర్చీలోంచి లేవకుండా, పేడ వాసన తగలకుండా, కోడి కాలు కొరుకుతూ నలభై గుర్రాలను తూచేయవచ్చు.

ఆ సాయంత్రమే మా కొంపాద్రే కర్రతో దారి తడుముకుంటూ మా అరుగు ఎక్కాడు. మూడేళ్ళ కిందట అతని చూపు పూర్తిగా పోయింది.

"నీ దగ్గర కెమెరా ఉందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావుగా కొంపాద్రే. మా ముసల్దానికి ఒక ఫొటో తియ్యి."

"నీకెందుకయ్యా ఫొటో?"

"నాకెందుకు, నా మొహానికా! కమిటీకట. దానికి ఇరవై రెండేళ్ళు. వచ్చే ఏడు వయసు మీరిందని రానివ్వరు. ఇంకొక్కసారి ఆ చెక్కమీద దాని చప్పుడు వింటే చాలు. నాకు చూపు పోయాక ఊళ్ళో మిగిలిన దృశ్యం అదొక్కటే."

సరే అన్నాను. ఊరంతా చెప్పుకున్న మాట నిజమే. కెమెరా మాత్రం లేదు.

మర్నాడు రెండు పందుల్ని అమ్మి మెదెయీన్ పట్నం బస్సెక్కాను. ఇక్కడి నుంచి శ్రద్ధగా చదవండి, మీకు పనికొస్తుంది.

షాపు కుర్రాడు నాలుగువందల మిల్లీమీటర్ల లెన్సును, బాలింతరాలి పక్కలోంచి బిడ్డను తీసినట్టు రెండు చేతులతో తీసి అందించాడు. "దోన్ అర్సేసియో, దీంతో అవతలి కొండమీదున్న గుర్రాన్ని కూడా తీయొచ్చు" అన్నాడు, నన్ను 'దోన్' అని గౌరవిస్తూ. నిజమే. కాని గ్రానిసాదా అవతలి కొండమీద లేదు, కొంపాద్రే పెరట్లో ఉంది. ఫ్రేములో పట్టడం లేదని వెనక్కి జరిగాను, గోడ తగిలింది. గోడ దాటి ఇంకా జరిగాను, కాఫీ తోటలో పడ్డాను. చివరికి పట్టింది ఒక్క ముక్కుపుటం. మహత్తరమైన ముక్కుపుటం! వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కమిటీకి పంపాను. "ఇది ఏ రోడ్డు సొరంగం?" అని జవాబు వచ్చింది.

రెండోది వైడ్ లెన్సు. ఇది ముందున్నదాన్ని పెంచి వెనకున్నదాన్ని కుదిస్తుంది, ఎన్నికల హామీలాగా. గ్రానిసాదా తల గుమ్మడికాయంత, వెనక భాగం నిమ్మకాయంత వచ్చాయి. కొంపాద్రే కూతురు దేయానీరా, ఆ గుర్రమెక్కేది తనే, ఫొటో చూసి కింద కూలబడి నవ్వింది. "నాన్నా, దీని మీద జీను వేస్తే ఉంగరంలా ఉంటుంది!"

పైగా నా కెమెరాకు జంతువుల కన్ను తనంతట తానే వెతుక్కునే విద్య ఉంది. కోడి కన్ను పట్టింది. కుక్క కన్ను పట్టింది. దేయానీరా చొక్కా బొత్తాన్ని కూడా ఏదో జంతువు కన్ను అనుకుని కాసేపు గౌరవించింది. గుర్రం కన్ను మాత్రం దాని దృష్టికి ఆనలేదు.

మూడోది డెబ్బై నుంచి రెండువందల దాకా పోయే లెన్సు. తెలివైనవాళ్ళు మొదటే కొనేది ఇదే. నేను మూడోసారి కొన్నాను. ఇంట్లో మూడో పంది కూడా ఉంది కాబట్టి సరిపోయింది.

దీంతో గుర్రం మొత్తం పట్టింది. వెలుతురు బాగుంది. దేయానీరా నడిపిస్తోంది, గిట్టలు మద్దెల వాయిస్తున్నాయి. సెకనులో రెండువేలవ వంతులో ఒక్క నొక్కు నొక్కాను. కత్తితో కోసినట్టు వచ్చింది ఫొటో. కమిటీ జవాబు: "గుర్రం నిలబడి ఉంది. నడుస్తున్న ఫొటో పంపగలరు."

చూశాను. నిజంగానే నిలబడి ఉంది! ఎత్తీ ఎత్తని అడుగు కదా, ఆపితే అంతే. బస్సు కోసం ఎదురుచూస్తున్న గుమాస్తాలా ఉంది.

సరే, కదలిక కావాలంటే షట్టరు నిదానం చేయాలి. సెకనులో పదిహేనోవంతుకు దించాను. ఈసారి ఒళ్ళు నిశ్చలంగా, సుబ్బరంగా వచ్చింది. మోకాళ్ళ కింద పొగమంచు. కమిటీ జవాబు: "కాళ్ళు లేని గుర్రాలకు ఈ జాతరలో విభాగం లేదు."

విషయం కొంపాద్రేకు చెప్పాను. "ఏదీ, ఇలా ఇవ్వు" అని ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. కాసేపు శ్రద్ధగా విన్నాడు.

"నడవట్లేదు కొంపాద్రే" అన్నాడు. "వాళ్ళది తప్పేం లేదు."

గడువు ఆ సాయంత్రంతో సరి. దిగాలుగా ఇంటికి వస్తుంటే వీధి మలుపులో రొట్టెల బండి గుర్రం ఎదురైంది. దాని పేరు మినిస్త్రో, అంటే మంత్రి. మేత పెడితే తప్ప కదలదు. నడకంటే దానికి తెలిసిందల్లా, ఉన్నచోటు నుంచి లేనిచోటికి బండిని దొర్లించడమే. ఆ క్షణంలో ఒక కుక్క దాని మడమ కొరికింది. మంత్రిగారు బండిని వదిలేసి, నాలుగు కాళ్ళూ విసురుకుంటూ, పళ్ళికిలించి, జూలు లేపుకుని నా మీదికి వచ్చారు. ప్రాణభయంతో వేలు బిగుసుకుంది. షట్టరు పడింది.

"అద్భుతమైన నడక! ఏకగ్రీవంగా ఎంపికైనది" అని కమిటీ జవాబు పంపింది. నేను పేరు చోట గ్రానిసాదా అని రాశాను.

అవునండీ, మునిసిపాలిటీ గోడ మీద ఉన్నది ఆ మంత్రే! నన్ను మించినవాడు లేడని ఇందాక అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్ద బరువేం లేదు.

జాతర రోజు వచ్చింది. ప్రవేశద్వారం దగ్గర విల్మార్ ఫోనులో గుర్రాన్ని చూశాడు, ఎదురుగా గుర్రాన్ని చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. ఫొటోలో తోక నేలకు రాసుకుంటోంది, ఇక్కడ సగమే. రంగు కూడా వేరు.

"ఫొటోలో ఇంకా బాగుంది" అని పెదవి విరిచి లోపలికి పంపాడు.

కొంపాద్రేను చెక్కబాట పక్కన మంచి చోట కూర్చోబెట్టాను, సరిగ్గా నా మోచేతి దగ్గర. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గ్రానిసాదా చెక్క ఎక్కింది. కూడలిలో మూడు నాలుగు వందల చేతులు ఒక్కసారి లేచాయి, ప్రతి చేతిలోనూ ఫోనో కెమెరానో. న్యాయనిర్ణేత కూడా కళ్ళు విప్పి, ఎదురుగా కట్టిన పెద్ద తెర చూస్తున్నాడు. నేను వేలు నొక్కి పట్టాను. సెకనుకు ఇరవై ఫొటోలు! చకచకచకచక! ఇలాంటి ఉన్నతమైన కెమెరాలకు చప్పుడు ఆపే ఏర్పాటు ఉండదు. గంట లేని చర్చి ఉంటుందా?

గుర్రం ఎలా నడిచిందంటారా? నేను ఫోకస్ చూసుకుంటున్నాను, నన్నడిగితే ఎలా?

గ్రానిసాదా చెక్క దిగిపోయింది. జనం ఫోనుల్లోకి తలలు వంచారు. కొంపాద్రే ఇంకా చెవి రిక్కించుకునే ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అదేనా? ఆ పళ్ళెంలో బొత్తాలు పోసిన చప్పుడా?" అతని మొహం మట్టిరంగుకు తిరిగింది. "నాలుగు కాళ్ళ జంతువుకు ఐదో కాలు ఎక్కడిది కొంపాద్రే? అడుగు మీద అడుగు పడింది. దానికి లయ పోయింది."

పాఠకులారా, అప్పుడు నేనేమన్నానో తెలుసా?

"వయసు మరి" అన్నాను.

అతను దేయానీరాను పిలిచాడు. "జీను దించెయ్యమ్మా. ఇక దాన్ని ఎవరూ ఎక్కొద్దు. లయ తప్పినదాన్ని నలుగురిలో నడిపించి దాని పరువు తీశాను." ఆ సాయంత్రం గ్రానిసాదాకు ఉత్తమ ఛాయాచిత్రం కింద బహుమతి వచ్చింది, ఫొటో మునిసిపాలిటీ గోడెక్కింది. అందుకోవడానికి అతను లేడు.

నాలుగు రోజులు కొంపాద్రే మా అరుగు ఎక్కలేదు. నలభై ఏళ్ళలో అతను కాఫీకి రాని పొద్దులు అవే. నేను మంచం మీద కూర్చుని కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతున్నాను. చెవులున్నాయి, కళ్ళెం ఉంది, ఎవరిదో టోపీ ఉంది. నా నోట జరిగిందంతా విన్న మా ఆవిడ ఉబల్దీనా భుజం మీదుగా తొంగి చూసింది.

"ముసలాడా, ఎనిమిది వందల ఫొటోల్లో దేనికీ కాళ్ళు లేవు. నీకైనా ఉన్నాయిగా? లేచి వెళ్ళి నిజం చెప్పిరా."

కెమెరా తీసుకుని వెళ్ళాను. కొంపాద్రే పెరట్లో బల్ల మీద ఉన్నాడు. కెమెరా అతని చెవి దగ్గర పెట్టి వేలు నొక్కాను. చకచకచకచక.

అతను కదలకుండా విన్నాడు.

"ఇదే" అన్నాడు. "ఐదో కాలు."

"నాదే కొంపాద్రే."

"నలభై ఏళ్ళుగా నిన్ను తిట్టడానికి సరైన మాట కోసం వెతుకుతున్నా" అన్నాడు. "ఇప్పుడు దొరికేలా ఉంది. కాస్త ఆగు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "దాని లయ పోలేదా?" అని అడిగాడు.

నాకు తెలియదు. నేను కూడా వినలేదు కదా!

నేనూ దేయానీరా కలిసి వంటింటి తలుపును బందుల నుంచి ఊడదీసి, పక్కగదిది కూడా ఊడదీసి, నాలుగు దూలాల మీద వరసగా పరిచాం. కింద బోలు. ఆమె జీను వేసి ఎక్కింది. ముసల్ది ముందు తలుపును వాసన చూసింది, తర్వాత ఎక్కింది. నేను కెమెరాను కాఫీ గింజల బుట్టలో బోర్లించి వచ్చాను.

ఎలా నడిచిందో రాయగలిగే చదువు నాకు లేదు. కొంపాద్రే మోకాలి మీద వేలితో ప్రతి అడుగూ కొట్టుకుంటూ కూర్చున్నాడు. తలుపు చివర దాకా వచ్చి ఆగాక, చెయ్యి చాచి దాని ముట్టె తడిమి, "నాలుగే" అన్నాడు.

కాబట్టి అందరూ కెమెరాలు కొనండి. డెబ్బై-రెండువందల లెన్సు నేనే అమ్ముతున్నాను, మిగతా రెండూ కలిపి తీసుకుంటే ఒక పంది ఇచ్చినా చాలు.

ఇంతదాకా రాసినదంతా నిజం, ఒక్కటి తప్ప. నా కెమెరాకు చప్పుడు ఆపే మీట ఉంది. షాపు కుర్రాడు రెండుసార్లు చూపించాడు కూడా. కాని అది నొక్కితే, అంత జనంలో ఫొటో తీస్తున్నది నేనని ఎవరికి తెలుస్తుంది?