సగం మాడు, సగం పచ్చి

దోహాలో పాలరాతి గచ్చు, గదికో ఏసీ ఉన్న ఇంటిని వదిలేసి, చలికాలం రాగానే ఇసుకలో డేరాలు వేసుకుని దాన్ని సుఖమనే వాళ్ళ దగ్గర నేను డ్రైవర్ని. నా బాధ మీకు అర్థం కాదు. అయినా చెప్తాను, వినండి.

నా పేరు అమర్నాథ్. మాది రాయచోటి పక్కన. ఆరో తరగతి మధ్యలో బడి దిగి లారీ ఎక్కాను. ఇంతవరకూ దిగలేదు, బండి మారుతోందంతే. నా భార్య శివకుమారి అదే ఇంట్లో వంటమనిషి. "ఆలుమగలిద్దరూ ఒకే చోట! అదృష్టవంతుడివయ్యా" అంటారు అందరూ.

ఆ అదృష్టం ఎలాంటిదో వినండి. దోహాలో నాకు గేటు పక్క గది, అందులో రెండో డ్రైవర్ జహాంగీర్ గురకతో కాపురం. ఆమెకి లోపల పనివాళ్ళ గది. ఎడారి క్యాంపుకి వస్తే నాది మగవాళ్ళ డేరా, ఆమెది ఆడవాళ్ళ డేరా. పెళ్ళాంతో మాట్లాడాలంటే వంటింటి కిటికీ దగ్గరే, అదీ టీ గ్లాసు చేయి మారేంత సేపే.

క్యాంపులో వంటిల్లంటే కారవాన్, చక్రాల మీద ఇల్లన్నమాట. అందులో ఓ బుల్లి గ్యాస్ ఓవెన్ ఉంది. చూడ్డానికి అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది, బుద్ధి మాత్రం మా మేనత్తది. మంటంతా వెనకవైపే. కేకు పెడితే వెనక సగం బొగ్గు, ముందు సగం జావ.

అది చూసి మేడమ్ మా క్యాంపు భాషలో, అంటే అరబ్బీ, హిందీ కలిపి గెలికిన సంకటిలో, తీర్పు చెప్పేది. "నుస్ కాలా, నుస్ కచ్చా!" సగం మాడు, సగం పచ్చి. ఆ వెంటనే శిక్ష. "అమర్! యల్లా, వక్రా!"

యల్లా అంటే తొందరగా. శిక్ష నాకే. ఇసుకంతా దాటి, తారు రోడ్డెక్కి, అల్ వక్రాలో బేకరీకి పోయి కేకు తేవాలి. మొదటిసారి ఒక్కణ్నే పోయి, చక్కగా ఉందని ఓ కేకు తెచ్చాను. దాని మీద ఎవరో ఫాతిమాకి పెళ్ళి శుభాకాంక్షలని రాసి ఉందట. నాకు అరబ్బీ చదవడం వస్తే ఇక్కడెందుకుంటాను? అప్పటినుంచి కేకు ఎంచడానికి శివకుమారిని కూడా పంపడం మొదలుపెట్టారు.

రోజంతా తోలి నడుం పట్టేస్తుంది. సాయంత్రం కాసేపు కాళ్ళు చాపుకుందామంటే ఈ వక్రా! పైగా ఆమె దారంతా మాటలే. చెప్పులు విప్పి, కాళ్ళు పైకి ముడుచుకుని, కరక్ టీ ఊదుకుంటూ, మేడమ్ నడకా జహాంగీర్ గురకా చేసి చూపిస్తుంది. నేను ఊ కొట్టకపోతే భుజం మీద పొడుస్తుంది. బండి తోలాలా, ఊ కొట్టాలా?

అందుకే నిర్ణయించుకున్నాను. ఓవెన్ని దారికి తెస్తే వక్రా పీడ విరగడవుతుంది.

టైరు ఒకవైపే అరిగితే బండి అలైన్‌మెంట్ పోయినట్టు. కేకు ఒకవైపే మాడితే? అదే! కారవాన్ ఒరిగి ఉంది. చక్రం కింద చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టి లేపడం మొదలుపెట్టాను.

లోపలినుంచి కేక. "ఏమయ్యా! ఇల్లు కదుల్తాండాది!"

"కదలనీలే. లెవెల్ చేస్తాండా."

"నేను లోపలుండా!"

"మంచిదే. ఆ పక్క బరువు కావల్ల, అట్లే నిలబడు."

"నా బరువు సంగతి మళ్ళ మాట్లాడుకుందాం. ముందు దించు!"

దించే పని నాకు పడలేదు. ఇసుకలో చెక్క దిగింది, జాకీ పక్కకు పడుకుంది, కారవాన్ ఒక్క కుదుపు కుదిపి కూర్చుంది. లోపల డబ్బాలన్నీ ఒకేసారి పలికాయి. తలుపు తెరుచుకుంది. తల నుంచి కాళ్ళదాకా తెల్లటి పిండి, మధ్యలో రెండు కళ్ళు.

"ఏమైందిప్పుడు? పిండి ఎగిరిండాది, అంతే గదా" అన్నాను.

"అంతే. గుడ్లు గూడా ఎగిరినాయి. నా మిందనే దిగినాయి. ఇంగ నన్నే ఓవెన్లో పెట్టు, కేకయిపోతా."

"నువ్వు పట్టవులే."

కొన్ని మాటలు నోరు దాటకూడదు. దాటాక చూస్తే, నా వైపు ఖాళీ కోడిగుడ్ల అట్ట ఎగిరొస్తోంది.

ఆ సాయంత్రం కూడా వక్రాయే. దారంతా ఆమె జుట్టులోంచి పిండి దులుపుకుంటూ, "నువ్వు పట్టవులే" అని నా గొంతు పెట్టి అనుకుంటూ, పడీ పడీ నవ్వింది. దెబ్బ తలకేమైనా తగిలిందేమోనని భయపడ్డాను.

తర్వాత దోసెల గురించి ఆలోచించాను. పెనం పలచనైతే దోసె మాడుతుంది. మందమైతే వేడి అంతటా పరుచుకుంటుంది. జహాంగీర్ బావమరిది టైల్స్ గోడౌన్లో పనిచేస్తాడు. అతనితో చెప్పి మందపాటి మట్టి టైలు ఒకటి తెప్పించాను.

మర్నాడు శివకుమారి గిన్నెలో పిండి పోసి, గుడారంలో టీలిచ్చి వస్తానని వెళ్ళింది. నేను లోపల దూరాను. ఓవెన్ అడుగున టైలు పరిచి, అది బాగా కాగేదాకా ఆగి గిన్నె పెట్టాను. సగం ఉడికాక, ముందు టైర్లు వెనక్కీ వెనక టైర్లు ముందుకీ మార్చినట్టు, గిన్నెని అటునుంచి ఇటు తిప్పేశాను.

కేకు బయటికొచ్చింది. ఏ మూల చూసినా ఒకే రంగు, మంచి బంగారం రంగు. నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. నేను కన్నదేదీ అంత చక్కగా లేదు.

మేడమ్ ముక్క నోట్లో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. "ఖలాస్! వక్రా మాఫీ!" ఇక వక్రా లేదు.

నేను ఛాతీ విరుచుకుని శివకుమారి వైపు తిరిగాను. ఆమె మొహం నుస్ కాలా, నుస్ కచ్చాగా ఉంది.

కారవాన్ మెట్టు దగ్గర పట్టుకుని అడిగాను. "ఏందే? నీ ఓవెన్ బాగుచేసిస్తే ఏడుపుమొహం పెట్టినావు?"

"నిన్నెవురు చేయమన్నారు?"

"నీకు చేతగాకనే గదా..."

"నాకా? ఆ వెనక మంట సంగతి మొదటి దినమే కనుక్కుంటి. నడుమ ఒకసారి గిన్నె తిప్పితే చాలు. దానికి టైలు గూడా ఎందుకు?"

"తెలిసీ తిప్పలేదా! ఎందుకే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తిప్పితే వక్రాకి ఎవురు పోతారయ్యా?"

గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం డేరాలో తనివితీరా కాళ్ళు చాపుకున్నాను. పక్కన జహాంగీర్ అప్పుడే గురక మొదలుపెట్టాడు. అది ఆమె చేసి చూపించినట్టే ఉంది, కానీ ఆమె చేస్తేనే బాగుంటుంది. నా భుజాన్ని ఎవరూ పొడవలేదు. చాపిన కాళ్ళని మళ్ళీ ముడుచుకున్నాను.

మర్నాడు కొత్త పథకం వేశాను. మళ్ళీ జాకీ పట్టుకుని, ఎవరూ చూడకుండా కారవాన్ వెనక్కి పాకాను. లోపల కేకు ఉడుకుతోంది. ఒక పక్క లేపితే చాలు, కేకు చెడుతుంది. చెక్క సర్దుతుండగానే వాసన వచ్చింది, కమ్మటి మాడు వాసన. నేనింకా జాకీ తిప్పనే లేదు!

"అమర్! నుస్ కాలా, నుస్ కచ్చా! యల్లా, వక్రా!"

జాకీ అక్కడే పారేసి పరుగెత్తాను. గుడారం ముందు మేడమ్, చేతిలో మాడిన కేకు. నన్ను చూసింది, నా మోకాళ్ళకంటిన ఇసుకని చూసింది, కారు వైపు చూసింది. ఇన్నేళ్ళలో 'తొందరగా' అన్నది తప్ప నాకు ఇంకో మాట చెప్పని మనిషి, మొహం పక్కకు తిప్పుకుని అంది: "శ్వయ్ శ్వయ్, అమర్." మెల్లగా పో అని.

కారు తలుపు తీశాను. ముందు సీట్లో శివకుమారి అప్పటికే కూర్చుని ఉంది. తల దువ్వుకుంది, శాలువా కప్పుకుంది, చెప్పులు విప్పింది. కాళ్ళ కింద తువ్వాల్లో చుట్టిన పలక ఒకటి.

"అది నా టైలు గదా?"

"ఊ. ఓవెన్లో బాగా కాగినాక తీసేసి, అప్పుడు పెట్టినా కేకు."

"ఇక్కడికెందుకు తెచ్చినావు?"

"చలి గదయ్యా, కాళ్ళకు వెచ్చగా ఉంటాదని" అని, తన పాదాలు కాస్త పక్కకు జరిపింది. "నువ్వూ ఒక కాలు పెట్టు. బ్రేకు కాలు గాదు, రెండోది."