పట్టు దొరికేదాకా మిణికే దీపం

మా ఆయన ఆ పాత జీపు తెచ్చి ఇంటి ముందు ఆపిన రోజున నేను మొట్టమొదట చూసింది బండిని కాదు, చంకలో ఉన్న మా బుజ్జిదాని తలని. ఎందుకంటే ఆ బండిలో ఎటు చూసినా తలకి తగిలే ఇనుమే. మీరు నవ్వుతారు కానీ, గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి చూడాలేమో అని గుమ్మంలో నిలబడి ఆలోచించే మనిషిని నేను. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి, ఆ వేలితోనే దాన్ని లేపేసి, మళ్లీ గంటసేపు జోకొట్టేదీ నేనే.

"ఇరవై ఏళ్ల బండిలా ఉందండీ ఇది!"

"ఇరవై రెండు," అన్నారాయన గర్వంగా.

మా ఆయన సర్వేయరు. పొలాలు కొలుస్తారు. హద్దు దగ్గర జానెడు తేడా వస్తే ఆ పూట అన్నం సయించదు. అంత ఖచ్చితమైన మనిషికి యంత్రాలంటే మాత్రం అయోమయం. మా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఆయన చేసే మరమ్మతు, కింద నిలబడి దాన్ని చూడటం.

"నాలుగు చక్రాలూ లాగుతాయే దీనికి. బురదైనా, రాళ్లైనా, ఎక్కడికైనా పోతుంది."

"పోవడం సరే. తిరిగొస్తుందా?"

ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ, "నీకంత భయమైతే విను. అమ్మినాయన పది రోజులు గడువిచ్చాడు. ఈలోగా లోపం ఏదైనా కనిపిస్తే బండి వెనక్కి తీసుకుంటాడు. చాలా?" అన్నారు.

చాలన్నాను. ఆ బండిలో నా పిల్లని ఎక్కించుకుని కొండలూ గుట్టలూ తిరగడం కంటే, పది రోజుల్లో ఒక లోపం కనిపెట్టడం తేలిక కదా!

రెండో రోజు లోపం దానంతటదే దొరికింది. తడిగుడ్డతో బండి లోపల తుడుస్తుంటే స్టీరింగు కింద, మోకాలి దగ్గర, ఒక గుండ్రటి మర కటుక్కున తిరిగింది. ఏమీ కాలేదు కాబట్టి వదిలేశాను. కాసేపటికి ఆయన వచ్చి తాళం తిప్పారో లేదో, డాష్‌బోర్డు మీద నారింజ రంగు దీపం ఒకటి మిణుకు మిణుకుమంది. అందులో చిన్న బొమ్మ: నాలుగు చక్రాల అస్థిపంజరం, వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇంటూ గుర్తు.

ఆ గుర్తు నాకు బాగా తెలుసు. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది కానీ, ఆగేలోపు లెక్కల మేష్టారు నా పుస్తకం నిండా పెట్టింది అదే గుర్తు. ఈ బండి తప్పని బండే ఒప్పుకుంటోంది!

"ఏవండీ, అది లోపమే!"

"ఇరవై రెండేళ్లది కదా, కన్ను అదురుతోంది," అన్నారాయన. అని, దాని మీద నల్ల టేపు ముక్క అంటించి ఆఫీసుకి వెళ్లిపోయారు.

నేనూరుకుంటానా? రోజూ టేపు పీకడం, మర తిప్పి ఉందో లేదో చూసుకోవడం. రోజూ ఆయన కొత్త టేపు వెయ్యడం. ఆరో రోజుకి ఆ దీపం మీద జిగురు మందం చూస్తే, దాన్ని గోడకి పూసుకోవచ్చు. మనిషి మాత్రం చలించలేదు.

ఎనిమిదో రోజున మనసు రాయి చేసుకున్నాను. పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంది. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. గుర్రుమని ఎక్కడో వెళ్లి కూర్చుంది. మర్నాడు పొద్దున ఆయన నన్నూ పిల్లనీ టీకాల ఆసుపత్రికి తీసుకెళ్దామని బండి తీశారు. నారింజ దీపానికి తోడు పచ్చ దీపం కూడా వెలిగింది. బండి సింహంలా గర్జించి, తాబేలులా నడిచింది.

"ఏంటే ఇది? ఇంత అరుపేంటి, ఈ నడకేంటి?"

"నన్నడుగుతారేం? కొన్నది మీరు."

సంచితో కూరగాయలు తెచ్చుకుంటున్న పక్కింటి పిన్నిగారు మమ్మల్ని దాటిపోయారు. దాటిపోతూ పిల్లకి టాటా కూడా చెప్పారు. నాలుగడుగులు కదిలాక, మిణుకుతున్న నారింజ దీపం ఠక్కున నిలిచి నిండుగా వెలిగింది. సందు మలుపులో టైర్లు కీచుమంటూ ఈడ్చుకున్నాయి. ఎవరో చెయ్యి పట్టి లాగుతుంటే రానని మొండికేసే పిల్లలా ఉంది బండి. మా ఆయన నుదుట చెమట పట్టింది. నాకు లోపల పండగే.

బండిని అక్కడే వదిలి ఆటోలో ఆసుపత్రికి పోయి, టీకా వేయించి, తిన్నగా మెకానిక్కు దగ్గరికి పోయాం. అందరూ ఆయన్ని గ్రీజు బాబాయి అంటారు. చొక్కా అసలు రంగేమిటో ఆయన భార్యకి కూడా గుర్తులేదట. మా పుట్టింటి వ్యాను బాగుచేస్తూ నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు కాబట్టి మా ఆయన్ని అల్లుడంటాడు.

బాబాయి బండిని తన షెడ్డుకి తెచ్చి, టేపు జిగురు గోకి, దీపాల్ని తేరిపార చూశాడు.

"అల్లుడూ, ఇందులో లోపం లేదు. పచ్చది ఈ పొట్టి రాడ్డుది, 'లో రేంజి' అంటారు. ఇంజను అదే, బలమూ అదే. పరుగు తగ్గించి పట్టు పెంచుతుంది. నారింజది వెనక చక్రాల లాకు, పచ్చది వెలిగితేనే ఇది పడుతుంది."

"మరి ఆ తప్పు గుర్తు?" అన్నాను.

"తప్పు కాదమ్మాయ్, కట్టు. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు చూడు, బయటున్నవాడు ఎక్కువ పరిగెత్తాలా వద్దా? మలుపులో చక్రాలూ అంతే. అందుకని రెండిటినీ విడివిడిగా తిరగనిచ్చే పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది. రోడ్డు మీద అది మంచిదే. కానీ ఒక చక్రం బురదలో పడిందనుకో, తిరుగుడంతా అదే తాగేస్తుంది, గట్టి నేల మీదున్నది చోద్యం చూస్తుంది. అప్పుడు ఈ మర తిప్పితే రెండూ ఒకటైపోతాయి. అందుకే గట్టి రోడ్డు మీద ఇది వేసుకుని మలుపు తిరగకూడదు."

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఒంట్లో నరంలా ఇంత ఆలోచన ఆ ఇనుములో దాగుందా!

"మిణకడం ఎందుకు మరి?" అన్నారు మా ఆయన.

"పట్టు అడిగారు, ఇంకా దొరకలేదు అని. లోపల గేర్ల పళ్లు పళ్లకి ఎదురుపడాలి కదా. పట్టు దొరికాక నిలకడగా వెలుగుతుంది." బాబాయి చెయ్యి తుడుచుకున్నాడు. "కానీ అల్లుడూ, ఇది తనంతట తాను వెలగదు. ఎవరో ఒకరు అడగాలి."

ముగ్గురం ఒకేసారి నా చంకలోని పిల్ల వైపు చూశాం. అందరికంటే ముందు నేనే చూశాను, ఒప్పుకుంటున్నాను.

"ఇది మహా అల్లరిది," అన్నాను. పద్దెనిమిది నెలల పిల్ల నా వైపు చూసిన చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోను.

బాబాయి నారింజ దీపం మర వెనక్కి తిప్పేశాడు, పచ్చది మాత్రం ఉంచాడు. షెడ్డు వెనక వాన నీళ్ల కాలువ దాటి ఒక బురద గట్టు ఉంది, అది చూపించాడు. "ఇది ఎక్కితే బండి ఉంచుకో. ఎక్కకపోతే తిరిగిచ్చెయ్, నేనే చెప్తున్నా. అమ్మాయ్, పిల్లని నాకిచ్చి నువ్వు పక్కన కూర్చో. ఈయన దీపాలు చూసుకోడు, నువ్వు చూసి చెప్పు."

ఎక్కకూడదు, ఎక్కకూడదు అనుకుంటూ ఎక్కి కూర్చున్నాను.

సగం గట్టు బాగానే పోయింది. అక్కడ ఎడమ వెనక చక్రం మెత్తటి బురదలో దిగబడి గిర్రున తిరిగింది. కుడిది కదలదు. బండి నా వైపు ఒరిగింది. అద్దంలో నాకు కనిపిస్తోంది కాలువ.

"ఏం చెయ్యాలే? ఏం చెప్పాడాయన?" అని అరిచారు మా ఆయన. చెయ్యి అటు తడిమి, ఇటు తడిమి, చివరికి వైపరు వేశారు.

ఇక నేను నోరు మూసుకుంటే చాలు. బండి తిరిగిపోతుంది, నా పిల్ల క్షేమం. అంతలో ఆయన తడుములాటలో మర తిరిగింది. నారింజ దీపం మిణకడం మొదలుపెట్టింది. మిణుకు... మిణుకు... అడిగింది దొరక్క కొట్టుకుంటోంది పాపం. బురదలో చక్రం ఒంటరిగా తిరుగుతోంది, రెండోది పక్కనే ఉండి కూడా సాయం రావట్లేదు. ఇక చూస్తూ ఊరుకోలేకపోయాను.

"చక్రం తిప్పడం ఆపండి ముందు!" అని అరిచాను. "కాలు తీసెయ్యండి! ఆగాలి పూర్తిగా. పచ్చది వెలుగుతోంది, చాలు. ఇప్పుడు క్లచ్చి మెల్లగా వదిలి ఒక్క రవ్వ కదిలించండి. కదలకపోతే అది రేపటిదాకా మిణుకుతూనే ఉంటుంది! ఆ... ఆ... నిలబడింది! పట్టింది! ఇప్పుడు పోనివ్వండి, తొందర పడకండి, తిన్నగా!"

రెండు చక్రాలూ ఒక్క మాట మీద తిరిగాయి. గర్జన లేదు, కుదుపు లేదు. అంత బరువైన ఇనుము, నిండుచూలాలు మెట్లెక్కినట్టు, ఒక్కో అడుగూ చూసుకుంటూ గట్టెక్కి నిలబడింది. కొండని చూసి ఆశ్చర్యపోతాం, సముద్రాన్ని చూసి ఆశ్చర్యపోతాం. గోరంత దీపాన్ని చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ఇంజను ఆగింది.

"కదిలించకపోతే రేపటిదాకా మిణుకుతుందా?" అన్నారు మా ఆయన నెమ్మదిగా. "అది బాబాయి చెప్పలేదే."

నేను కాలువ అందాలు చూస్తున్నాను.

"ఎవరే ఆ మర తిప్పింది?"

"...నేనేనండీ."

"ఎనిమిది రోజులు!"

"రెండో రోజుది పొరపాటండీ. మిగతావే..."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చొక్కా గుండీతో ఆడుకుంటూ, "గడువు అన్నాను చూడు... అమ్మినాయన గడువేమీ ఇవ్వలేదే. నువ్వు రాద్ధాంతం చెయ్యకుండా నేనే కల్పించాను" అన్నారు.

అంటే నేను ఎనిమిది రోజులు దొంగతనంగా కష్టపడి, లేని గడువు కోసం, లేని లోపం తయారుచేశానన్నమాట. తిడదామని నోరు తెరిచాను. ఏ మొహం పెట్టుకుని తిడతాను?

కింద నుంచి బాబాయి కేకేశాడు. "అమ్మాయ్! లాకు వేసినదానివి నువ్వే, తియ్యాల్సిందీ నువ్వే. ఇటు మారు!"

స్టీరింగు ముందుకి మారి కూర్చున్నాను. మర వెనక్కి తిప్పినా దీపం ఆరలేదు. "వదలమన్నా వెంటనే వదలదు," అన్నాడు బాబాయి. "పళ్లు బిగిసి ఉంటాయి. వెనక్కి ఒక్క అడుగు వెయ్యి." పెళ్లికి ముందు పుట్టింటి వ్యాను తోలిన అలవాటుతో, బండిని ఒక్క అడుగు వెనక్కి వేశాను. దీపం ఆరింది. నేను అడిగితే ఆరింది! నా మాట ఈ మధ్య మా ఇంట్లో అంత మర్యాదగా విన్నవాళ్లు లేరు.

"బాబాయ్," అన్నాను, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు కేసి చూస్తూ, "ఇంకొక్కసారి ఎక్కించనా?"

అప్పటికే మా ఆయన బండి దిగి, బాబాయి చేతుల్లోంచి పిల్లని లాక్కుని, పరుగున వెళ్లి షెడ్డు గోడ అవతల నిలబడ్డారు. అక్కణ్ణుంచి, "మెల్లగా! జాగ్రత్త! పిల్ల చూస్తోంది!" అని ఒకటే అరుపులు.