నల్లరేగడి మీద నున్నటి రోడ్డు

ఒక పెద్ద అడవిలో రోడ్డు లేదనే బెంగ ఎవరికీ ఉండేది కాదు. సింహం మహారాజుకి ప్రారంభోత్సవాల మీద మోజు పుట్టాక అందరికీ ఆ బెంగ పట్టుకుంది.

పల్లంలోని గుహల నుంచి ఆసుపత్రి గుట్ట దాకా రోడ్డు వేయాలన్నారు. కాంట్రాక్టు నక్కది. మట్టిని పరీక్షించే ఇంజనీరు ఎలుగుబంటి.

ఎలుగుబంటి పల్లంలో తవ్వి చూసింది.

"ఇది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. నీళ్ళలో బాగా నానబెట్టి, అప్పుడు ఎంత బరువు మోస్తుందో చూడాలి. నాకు తెలిసి కింద గ్రావెల్ దండిగా పోయాలి."

నక్క లెక్క వేసుకుంది. లాభమంతా గ్రావెల్ కింద పూడిపోయేలా ఉంది.

"ప్రారంభోత్సవం మండుటెండల్లో కదండీ! రాజుగారి రోడ్డు మట్టిని ముందే నీళ్ళలో ముంచితే అపశకునం కాదూ?" అంటూ ఓ తేనెపట్టు ముందు పెట్టింది.

ఎలుగుబంటి వేళ్ళు నాక్కుంటూ ఎండుగడ్డనే పరీక్షించింది. గడ్డ రాయిలా ఉంది. "భేష్! ఏనుగులు పరిగెత్తినా చెక్కుచెదరదు" అని రాసిచ్చింది.

నేల మీదే పల్చగా తారు పూశారు. రాజుగారు రిబ్బను కొరికారు. కోతులు చప్పట్లు కొట్టాయి.

తొలి వానకి రోడ్డు పూరీలా పొంగింది. మలి వానకి పగిలి బురదైంది.

సరిగ్గా అప్పుడే నక్క పెళ్ళానికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి బండి కట్టారు. సగం దారిలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. లాగబోయిన నక్క నడుము దాకా కూరుకుపోయింది.

"ఎవడయ్యా ఈ రోడ్డు వేసింది? వాడి చేతులు పడిపోను!" బండిలోంచి అరిచింది నక్కమ్మ.

లోపల కేకలు వినబడుతుంటే నక్క బురదలోనే చక్రాల చుట్టూ చేతులతో తవ్వింది. చివరికి పిల్ల బండిలోనే పుట్టింది. తల్లీ పిల్లా బతికి బయటపడ్డారు.

మర్నాడు నక్క ఎలుగుబంటి మీద విరుచుకుపడింది. "ఇదా నువ్విచ్చిన రిపోర్టు? నా పెళ్ళాం పోయేది!"

"మీ ఆవిడ వానాకాలంలో కంటుందని ముందే చెబితే నానబెట్టే చూసేవాణ్ణి కదయ్యా!"

గొడవ దర్బారుకెక్కింది. సింహం గంభీరంగా తీర్పు చెప్పింది. "మట్టి తప్పు లేదు, ఇంజనీరు తప్పు లేదు. వానే మా అనుమతి లేకుండా కురిసింది. రోడ్డు మళ్ళీ వేయండి. ఆ బురద లోతు స్వయంగా చూసిన అనుభవం ఎవరికుంది?"

నక్క సిగ్గుపడుతూ చెయ్యెత్తింది. కాంట్రాక్టు దానికే దక్కింది.

ఉత్సాహంగా ఇంటికొచ్చి ఆ కబురు చెబితే, పిల్లకి పాలిస్తున్న నక్కమ్మ తలెత్తకుండా అంది: "అయితే మలి కాన్పు మా పుట్టింట్లోనే."

నీతి: గట్టి రోడ్డు వేసినవాడికి ఒక్కసారే పని, మెత్తటి రోడ్డు వేసినవాడికి ఏటేటా పని.